పదిహేడో సెకను

ముప్ఫై ఒక్క మంది ఎక్కాల్సిన ఏడో నంబరు బస్సులో ఆ శనివారం పొద్దున తొమ్మిది మందే ఎక్కారు. రుక్కమ్మ మళ్లీ లెక్కపెట్టింది. పద్నాలుగేళ్లుగా ఆమె లెక్క ఒకటే తీరు. ఒక్కో జడ మీద చూపుడువేలు ఆనించుకుంటూ, పెదాలు కదపకుండా, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా పోయి రావడం. రెండోసారి కూడా తొమ్మిదే తేలింది.

ఆరాంఘర్ చౌరస్తా దాటగానే వెనక రెండు బైకులు తగులుకున్నాయి. ఒక్కోదాని మీద ఇద్దరేసి కుర్రాళ్లు. కాసేపు వెనకే వచ్చారు. తర్వాత కిటికీల పక్కకి చేరి ఆగకుండా హారన్ మోగించడం మొదలుపెట్టారు.

"తీన్మార్! ఓ తీన్మార్ పోరీ! ఒక్క స్టెప్పెయ్యవే!"

"పర్దాలు గుంజుండ్రి బిడ్డా," అంది రుక్కమ్మ. "ఎవ్వరూ బయటికి చూడొద్దు. చూస్తే ఇంకింత ఎగురుతరు."

పర్దాలన్నీ ఒక్కసారే కదిలాయి. బస్సులో చీకటి కమ్మింది. ఆరో తరగతి పిల్ల ఒకతె ముక్కు ఎగబీలుస్తూ ఏడవసాగింది. రుక్కమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుని తలను ఒళ్లోకి తీసుకుంది. డ్రైవర్ పాండు అద్దంలోంచి చూశాడు.

"అక్కా, ఆపి రెండు తగిలియ్యనా?"

"ఆపకు. నువ్వు కొడితే అదింకో వీడియో అయితది. పోనియ్."

శంషాబాద్ ఫ్లైఓవర్ దగ్గర బైకులు లారీల మధ్యకి జారుకున్నాయి. పర్దాలు తీయడానికి మాత్రం ఏ పిల్లా చెయ్యెత్తలేదు.

ఇదంతా పదహారు సెకన్ల వీడియో చేసిన పని. మంగళవారం సాయంత్రం ఇళ్లకు తిరిగిపోయేటప్పుడు ఇదే బస్సులో, ఈ సీట్ల వరసల మధ్యే, పదో తరగతి ప్రియదర్శిని డాన్స్ చేసింది. టై విప్పి తలకు కట్టుకుంది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. బోనాల ఊరేగింపులో డప్పు ముందు వేసే తీన్మార్ అడుగులు వేసింది. బుధవారం తెల్లారేసరికి ఆ పదహారు సెకన్లూ ఊరు దాటిపోయాయి. ఎవరో దానికి పాట అతికించారు. ఇంకెవరో స్కూలు పేరు రాశారు. గురువారానికి పిల్ల పేరు, వాళ్ల ఊరి పేరు కూడా వచ్చేశాయి. కింద జనం రాసిన రాతలు పాండు చదివి వినిపించబోతే రుక్కమ్మ వద్దంది.

ప్రియదర్శిని ఇంటి ముందు బస్సు ఆగింది. బుధవారం నుంచి ఆ పిల్ల ఎక్కడం లేదు. అయినా ప్రతి ఇంటి ముందూ రెండు నిమిషాలు ఆగాలన్నది రుక్కమ్మ పెట్టుకున్న నియమం. గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. మేడ మీది కిటికీలో తెర కొద్దిగా పక్కకి జరిగింది. సన్నటి వేళ్లు నాలుగు కనిపించాయి. రుక్కమ్మ చెయ్యి ఊపింది. వేళ్లు మాయమయ్యాయి.

"పోనియ్ పాండూ," అంది రెండు నిమిషాలయ్యాక.

*

తుక్కుగూడ దారిలో, ఎత్తయిన తెల్లగోడల వెనక ఉంటుంది ఆ ఆడపిల్లల స్కూలు. లోపల గుర్రపు స్వారీకి మైదానం ఉంది, ఈతకొలను ఉంది, మంత్రుల మనవరాళ్లు చదువుతారని పేరుంది. పైనుంచి పావుగంటకొక విమానం చక్రాలు దించుకుని పోతుంటుంది. ఆ విమానాలు దిగే చోట ఎక్కడో రుక్కమ్మ అత్తవారి జొన్నచేను ఉండేది. మొదట్లో ఆమె తలెత్తి చూసేది. ఇప్పుడు చూడదు.

ఆమెకు యాభై రెండేళ్లు. సన్నటి మనిషి. ముంజేతుల మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు పాలిపోయాయి. బస్సు మెట్లు ఎక్కీ దిగీ కుడి మోకాలు ఎప్పుడూ వాచే ఉంటుంది. పెనిమిటి పోయి తొమ్మిదేళ్లు. బిడ్డను షాద్‌నగర్‌లో ఇచ్చింది. ఇంట్లో ఆమె ఒక్కతే, పొద్దున నాలుగున్నరకు లేచి స్కూలు ఇచ్చిన కాఫీరంగు చీర కట్టుకుంటుంది. అత్తాపూర్‌లో మొదటి పిల్లను ఎక్కించుకునే వేళకు మనిషి వేరే అయిపోతుంది. ఎవరి జడ ఊడింది, ఎవరు టిఫిను మానేశారు, ఎవరికి కడుపునొప్పి రోజులు దగ్గరపడ్డాయి, అన్నీ ఆమెకు తెలుసు. చదువు రాదు. పేరు రాయడం మాత్రం రెండో తరగతి పిల్లలే నేర్పారు, మంచు పట్టిన కిటికీ అద్దం మీద వేలితో.

పిల్లలు దిగిపోయాక ఆమె రోజూ చేసే పనొకటుంది. ముందు సీటు ఎక్కి, డ్రైవర్ తల పైన ఉన్న కెమెరా అద్దాన్ని తడిగుడ్డతో తుడవాలి. రెండేళ్ల కింద బిగించారు దాన్ని. ఆ బస్సులో పిల్లలున్న ముప్ఫై ఒక్క ఇళ్లవాళ్లూ తమ ఫోన్లలో ఎప్పుడంటే అప్పుడు లోపల ఏం జరుగుతోందో చూసుకోవచ్చు. బొమ్మ కనిపిస్తుంది గానీ మాట వినిపించదు. దుమ్ము పడితే తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారని ఆ అద్దం తుడిచే పని రుక్కమ్మకు పెట్టారు. ఆమె ఒక్కరోజూ మానలేదు. పళ్లెం తుడిచినట్టే తుడిచింది. అది కన్ను అని ఈ వారం దాకా ఆమెకు తట్టలేదు.

ఇవాళ గుడ్డ పట్టుకుని దాని ముందు ఊరికే నిలబడింది.

"రుక్కమ్మక్కా!" కింద నుంచి కేక. ఆఫీసులో కంప్యూటర్ చూసే శ్రీకాంత్. "మేడం పిలుస్తుంది. ఫోను గూడ తెమ్మన్నది."

*

ప్రిన్సిపాల్ శోభ ఆమె ఫోను తీసుకుని బల్ల సొరుగులో వేసింది. ఒక కాగితం, ఒక పెన్ను ముందుకు తోసింది.

"కూర్చో రుక్కమ్మా."

రుక్కమ్మ నిలబడే ఉంది.

"పదింటికి పేరెంట్స్ మీటింగు. అందరూ మండిపడుతున్నారు. వాళ్లకిప్పుడు ఒక పేరు కావాలి. నేను చెప్పేది విను. ప్రియదర్శిని తన ఫోను నీకిచ్చి తియ్యమంది. నువ్వు సీటెక్కి తీశావు. తర్వాత ఆ అమ్మాయే ఎవరికో పంపుకుంది. ఇందులో అదే రాసి ఉంది. సంతకం పెట్టు. నిన్ను మందలించి వదిలేస్తాం. సోమవారం మళ్లీ బస్సెక్కుతావు."

"నేను తియ్యలేదు మేడం. పిల్ల ఫోను బస్సుల నేను ఎన్నడు చూడలే."

"తెలుసు."

శోభ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మన కెమెరాలోంచి బయటికి వెళ్లిందని తెలిస్తే రేపు ఒక్కరు కూడా తమ పిల్లని బస్సెక్కించరు. స్కూలు ఉండాలా వద్దా?"

"మరి పిల్లకేమైతది?"

"టీసీ ఇచ్చి పంపేస్తాం. ఇవాళే."

"పరీక్షలు నెల దినాలే ఉన్నయి గద మేడం. ఏడాది పోతది. ఆళ్ల నాయిన ఇగ చదివియ్యడు. పెండ్లి చేసి పారేస్తడు."

"అది వాళ్లింటి విషయం." శోభ లేచింది. "మీటింగులో నిన్ను పిలుస్తాను. అవునండీ అంటే చాలు. ఈ లోపు సంతకం పెట్టి శ్రీకాంత్‌కి ఇవ్వు."

ఆమె వెళ్లాక శ్రీకాంత్ లోపలికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. మంచి పిల్లవాడే. కానీ నెల జీతం మీద బతికేవాడు.

"పెట్టెయ్ అక్కా. నువ్వు పెట్టకపోయినా పిల్లను పంపుతరు. నీ కొలువెందుకు పోగొట్టుకుంటవ్?"

"ఆ వీడియో నేను సరిగ్గ చూడనేలేదు శ్రీకాంతూ. ఒకపారి చూపియ్."

"బయట తిరిగే దాంట్ల పాట పెట్టిన్రు. మన ఫిర్యాదుల నంబరుకు మంగళారం పొద్దుగూకాల మొదలొచ్చింది ఇది. ఏదో తెల్వని నంబరు. దీంట్ల పాట లేదు."

తెర మీద బస్సు నడవ కనిపించింది. ప్రియదర్శిని తలకు టై కట్టుకుని, నవ్వు ఆపుకోలేక, కాలు విసిరి వేస్తోంది. బొమ్మ అంచున ఇనుప కడ్డీని తాళం వేస్తున్న ఒక చెయ్యి. పచ్చబొట్ల చెయ్యి.

రుక్కమ్మ తన చేతిని తానే దొంగను చూసినట్టు చూసింది.

ఆ అడుగు ఆ పిల్లకు నేర్పింది ఆమే. "గట్ల కాదు బిడ్డా, మడమ మీద తిరగాలె," అంది మంగళవారం. ముప్ఫై ఆరేళ్ల కింద, పెళ్లయిన కొత్తలో, బోనాల నాడు డప్పు వినపడితే ఉండబట్టలేక రుక్కమ్మ వీధిలో ఎగిరింది. అత్త జుట్టు పట్టి ఇంట్లోకి ఈడ్చి, చీపురు విరిగిందాకా కొట్టింది. కోడలు ఊరందరి ముందు ఎగురుతుందా అని. ఆ రోజు మానిన అడుగును ఆమె కాళ్లు మళ్లీ గుర్తు తెచ్చుకున్నది ఈ బస్సులోనే, ఈ పిల్లల ముందే. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాసేపు మోకాలి నొప్పి కూడా తెలియలేదు.

"అక్కా, ఏడుస్తున్నవా?"

"సప్పుడు పెంచు," అంది రుక్కమ్మ.

అతను పెంచాడు. పిల్లల నోళ్లు తెరుచుకుంటున్నాయి గానీ నవ్వులు లేవు. ఈల లేదు. ఒక సీలింగు ఫ్యాను కిర్రుమంటోంది. ఎక్కడో కంచం మీద చెంచా తగిలింది. తర్వాత ఒక గుమ్మం బెల్లు మోగింది. 'శ్రీరామ జయరామ జయజయ రామ' అని పాడే బెల్లు. రెండో 'జయ' దగ్గర నీళ్లలో మునిగిన గొంతులా సాగి, 'జయ... జయ... జయ' అని మూడుసార్లు అక్కడే తిరిగి, టక్కున ఆగిపోయింది.

బెల్లుతోపాటే వీడియో అయిపోయింది.

రుక్కమ్మ వేళ్లు కుర్చీ వీపును పట్టుకున్నాయి. ఆ బెల్లు ఆమె పొద్దున్నే నొక్కుతుంది. ఆ ఇంటి పిల్ల సింధూర ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి, బస్సు దిగి, విల్లాల గేటు దాటి, నొక్కి మరీ పిలుస్తుంది. సంక్రాంతికి ముందు నుంచీ అది అలా మూలుగుతోంది. ఇంటి పెద్దావిడ జ్ఞానప్రసూనాంబ బందరు నుంచి తెచ్చుకున్న బెల్లు అది. ఎండాకాలం వస్తే గేటు పైనుంచి రుక్కమ్మకు స్టీలు గ్లాసుతో మజ్జిగ అందించేది ఆ పెద్దావిడే. ఆమె కొడుకు ఫణి ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు. ప్రియదర్శినిని పంపేయాలని బుధవారం అందరికంటే ముందు ఉత్తరం రాసింది కూడా ఆయనే.

ఒక ఫోనులో బస్సును చూస్తూ, ఇంకో ఫోనుతో దాన్ని తీశాడు. తనింటి చప్పుళ్లు అందులో పడ్డాయని చూసుకోలేదు.

పదహారో సెకను దగ్గర ఎందుకు ఆపాడో కూడా రుక్కమ్మకు ఇప్పుడు తెలిసింది. పదిహేడో సెకనులో సింధూర లేచింది. ప్రియదర్శిని చెయ్యి పట్టుకుని తనూ ఎగిరింది. అసలు అడుగు నేర్పమని మొదట అడిగింది ఆ పిల్లే.

"ఏమైందక్కా?"

"ఏంలే. కాయితం నా దగ్గరుండనియ్." మడిచి చీర కుచ్చిళ్లలో దోపుకుంది.

*

సభాభవనం వరండాలో కాఫీ బల్ల పెట్టారు. పెద్దలకు కప్పులు అందించే పని రుక్కమ్మదే. తొమ్మిదిన్నరకు ఫణి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. నున్నగా గీసిన గడ్డం, మెత్తటి గొంతు. పక్కన తెల్ల జరీచీరలో జ్ఞానప్రసూనాంబ.

"బాగున్నావా రుక్కమ్మా? ఆ మోకాలికి నేనిచ్చిన తైలం రాస్తున్నావా లేదా?"

"రాస్తున్న పెద్దమ్మా."

"ఏమిటో తల్లీ, ఈ గొడవలు నాకేం తెలీవు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నువ్వూ రా అని తీసుకొచ్చాడు వీడు." ఆవిడ లోపలికి నడిచింది.

ఫణి కప్పు అందుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. రుక్కమ్మ గొంతు తగ్గించింది.

"సారూ, ఒక్క మాట. ఆ పిల్లను పంపొద్దని మీరే చెప్పుండ్రి. మీరు చెప్తే అందరు ఇంటరు. నేను ఇంకెవ్వరికి ఏం చెప్పను."

"ఏం చెప్పవు?"

"మొదలొచ్చిన వీడియోల మీ ఇంటి బెల్లు ఉన్నది సారూ."

ఫణి కాఫీ ఒక గుక్క తాగాడు. ముఖంలో ఏమీ మారలేదు. అది చూసే ఆమెకు భయం వేసింది.

"నేను రోజూ చూస్తాను రుక్కమ్మా. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ. మా అమ్మాయినొక్కదాన్నే కాదు, ప్రతి అమ్మాయినీ. ఎవరో ఒకరు చూడాలి కదా! నువ్వు అద్దం చాలా బాగా తుడుస్తావు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు బటను విప్పారో, అన్నీ కనిపిస్తాయి."

రుక్కమ్మ కాఫీ జగ్గు బల్ల మీద దించింది. రెండేళ్ల తడిగుడ్డలు ఆమె కళ్ల ముందు తిరిగాయి.

"సింధూరమ్మ గూడ లేచింది గద సారూ. ఆమె లేవంగనే మీరు ఆపేసిండ్రు."

ఫణి కప్పు బల్ల మీద పెట్టాడు. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. "మా అమ్మాయి పేరు ఇంకోసారి ఎత్తకు. వీడియోలో నీ చెయ్యి ఉంది. ఆయాయే పిల్లల్ని ఆడించి, తీసి, బయట పెట్టిందని నేనొక్క మాట అంటే చాలు, మధ్యాహ్నానికి పోలీసులు మీ ఇంటికొస్తారు. నువ్వు సంతకం పెడుతున్నావని విన్నాను. మంచి పని."

జేబురుమాలుతో పెదాలు అద్దుకుని లోపలికి వెళ్లిపోయాడు.

*

భవనం దాదాపు నిండిపోయింది. తీగలేని మైకు ఒకటి చేతి నుంచి చేతికి తిరుగుతోంది. అది ఎవరి చేతికొస్తే వాళ్ల మాట నాలుగు స్పీకర్లలోంచి దిగుతోంది. రుక్కమ్మ పక్క తలుపు దగ్గర, గోడకు ఆనుకుని నిలబడింది.

"యూనిఫాంలో ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండి దగ్గర పానీపూరీ తింటున్నారండీ. నేను కళ్లారా చూశాను. స్కూలు పరువేం కానూ?"

"మీరెందుకెళ్లారండీ బండి దగ్గరికి?" వెనక నుంచి ఎవరో. నవ్వులు.

"బస్సులో మాట్లాడకూడదని రూలు పెట్టండి. దిగేదాకా ఒక్క మాట వినపడకూడదు."

"వాళ్లు ఆడపిల్లలా, సూట్‌కేసులా అమ్మా?"

ఈసారి నవ్వు త్వరగా చచ్చిపోయింది. మైకు ఒక పట్టుచీర చేతికొచ్చింది. "అనకూడదు గానీ, అంతా పెంపకమండీ. మొన్నమొన్నటి దాకా పొలాలు, బర్రెలు. భూములకి రేట్లొచ్చాయి, పిల్లల్ని ఇక్కడ చేర్చారు. అలవాట్లు ఎక్కడికి పోతాయి?"

చివరి వరసలో ఒక తెల్లచొక్కా లేచింది. ప్రియదర్శిని తండ్రి జగదీశ్. భారీ మనిషి. మైకు కోసం ఆగలేదు.

"బర్రెలు నావేనమ్మా. మా బర్రెల పాలు తాగే ఈ ఊరు పెరిగింది. బోనాలకు మా అమ్మ ఎగిరింది, మా అక్కలు ఎగిరిండ్రు, ఎవడు తప్పు పట్టలే. నా బిడ్డ ఎగిరితే నేనే కొట్టిన. మీ మాటలు పడలేక కొట్టిన!" అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాలుగు దినాల సంది గదిలకెళ్లి బయటికొస్తలేదు. మెతుకు ముడుతలేదు. ఆళ్లమ్మ తలుపు కాడ్నే పంటున్నది. ఇంక ఏం కావాలె మీకు?"

నాలుగు వేళ్లు కనిపించిన ఆ కిటికీ రుక్కమ్మ మనసులో మెదిలింది. గదిలో ఒంటరిగా ఉన్న పిల్ల చెవిలో ఫోను ఏమేం చెబుతోందో తలుచుకుంటే ఆమెకు భయమేసింది.

మొదటి వరసలోంచి ఫణి లేచాడు. మైకు తీసుకున్నాడు.

"మీ బాధ నాకు అర్థమవుతోంది జగదీశ్ గారూ. నేనూ ఆడపిల్ల తండ్రినే. కానీ ఒక్కరి కోసం మూడు వందల మంది ఆడపిల్లల పేరు పోగొట్టుకోలేం. ఈ వీడియో ఆ అమ్మాయే తీయించుకుందని సాక్ష్యం కూడా ఉంది. కాబట్టి టీసీ ఇచ్చేయాలని కమిటీ తరఫున కోరుతున్నాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఒక్కటొక్కటిగా చేతులు లేచాయి. గాజుల చేతులు, గడియారాల చేతులు. కొందరు పక్కవాళ్లను చూసి ఎత్తారు. సగం భవనం దాటింది. ఇంకా లేస్తూనే ఉన్నాయి.

"రుక్కమ్మా," అని పిలిచింది శోభ వేదిక మీద నుంచి. "ఇలా రా. జరిగింది అందరికీ చెప్పు."

ఫణి తానే ఎదురొచ్చి మైకు చేతికిచ్చాడు. ఇస్తూ ఆమె పచ్చబొట్ల వైపు ఒక్కసారి చూశాడు.

రుక్కమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చెప్పాల్సింది ఒక్క మాట. అవునండీ. సోమవారం బస్సు, అత్తాపూర్ పొద్దు, జడల లెక్క, అన్నీ ఆ ఒక్క మాట వెనకే ఉన్నాయి. సంతకం లేని కాగితం నడుము దగ్గర గీరుకుంటోంది.

"నేను ఏడో నంబరు బస్సు ఆయాను," అంది. నాలుగు మూలల నుంచి తన గొంతే తిరిగొచ్చేసరికి ఉలిక్కిపడింది. "ఆ అడుగు పిల్లకు నేర్పింది నేనే. తప్పయితే నన్నడుగుండ్రి. పిల్లనెందుకు అడుగుతరు?"

"రుక్కమ్మా, అడిగింది అది కాదు," అంది శోభ.

"అదే చెప్తున్న మేడం. ఆ వీడియో నేను తియ్యలే. పిల్లలు తియ్యలే. బస్సుల మీరు పెట్టిన కెమెరాలకెళ్లి వచ్చింది. ముప్ఫై ఒక్క ఇండ్లకు అది కనబడతది. ఒక్క ఇంట్ల కూసుండి, ఒక ఫోన్ల చూసుకుంట ఇంకో ఫోనుతోని తీసిండ్రు."

భవనమంతా కలకలం రేగింది. ఎత్తిన చేతులు కొన్ని సగంలో ఆగాయి.

"అబద్ధం! ఉద్యోగం కాపాడుకోవడానికి..." ఫణి గొంతు పెంచాడు. మైకు లేని ఆ గొంతు ఎంత చిన్నదో అప్పుడే అందరికీ తెలిసింది.

"ఆ కెమెరాకు చెవులు లేవు సారూ. పిల్లల నవ్వు దాంట్ల రాదు. మొదలొచ్చిన వీడియోల ఇంటి సప్పుడు ఉన్నది. శ్రీకాంత్ కాడ ఉన్నది, ఇనుండ్రి. ఫ్యాను తిరుగుతది. బెల్లు మోగుతది. రాముని పాట పాడే బెల్లు. జయ అన్నకాడ మూలిగి, మూడుసార్లు అదే అని టక్కున ఆగుతది. ఆ బెల్లు నేను రోజు కొడత."

"ఎవరిల్లక్కా అది?" జగదీశ్ కుర్చీలు తోసుకుంటూ ముందుకొస్తున్నాడు. "పేరు చెప్పు! ఎవడు వాడు?"

రుక్కమ్మ మూడో వరస వైపు చూసింది. జ్ఞానప్రసూనాంబ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడ కళ్లు రుక్కమ్మ మీద లేవు. ముందు వరసలో నిలబడ్డ కొడుకు వీపు మీద ఉన్నాయి.

"ఆ ఇంట్ల ఒక పెద్దమ్మ నాకు ఎండకాలం మజ్జిగ పోసింది. ఆమె ముంగట నా నోట పేరు రాదు. తీసినోళ్లకు తెలుసు. నాకు వేరే ఏం వద్దు. పిల్లను బడికి రానియ్యుండ్రి. ఎవరన్నా ఇప్పుడే పోయి ఆ పిల్లకు చెప్పుండ్రి, నీ తప్పేం లేదని."

మాటలు అయిపోయాయి. మైకు ఎవరికివ్వాలో ఆమెకు తెలియలేదు. చుట్టూ చూసింది. అందుకోవడానికి ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. మూడో వరస చివర, జ్ఞానప్రసూనాంబ పక్కన ఉన్న ఖాళీ కుర్చీలో దాన్ని మెల్లగా, పడుకోబెట్టినట్టు పెట్టింది. దాన్ని ఎక్కడ నొక్కి ఆపాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పక్క తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది. కాఫీ బల్ల మీద జగ్గు చుట్టూ ఈగలు ముసిరాయి. మెట్ల మీద కుడికాలు ముందు పెట్టి, కమ్మీ పట్టుకుని, ఒక్కోటి దిగింది. మెడలో వేలాడే స్కూలు కార్డు తీసి కమ్మీకి తగిలించింది. చీర కుచ్చిళ్లలోంచి కాగితం తీసి రెండుగా, నాలుగుగా చింపింది. దూరంగా ఏడో నంబరు బస్సు ఎండలో ఉంది. సోమవారం దానికి ఇంకో ఆయా వస్తుంది. ఆ ఆయాకు పిల్లల పేర్లు రావడానికి నెల పడుతుంది.

జగదీశ్ ఆమెను దాటుకుని కారు వైపు పరుగెత్తాడు. ఫోను చెవికి ఉంది. "తలుపు తియ్యమను. నాయిన వస్తున్నడని చెప్పు. తియ్యకుంటే పగలగొట్టుండ్రి. జల్ది!"

రుక్కమ్మ గేటు వైపు నాలుగడుగులు వేసింది. అప్పుడు, తెరిచి ఉన్న తలుపులోంచి, నాలుగు స్పీకర్లలోంచీ ఒకేసారి, ఒక ముసలి గొంతు వినిపించింది. అది ఎవరికీ వినిపించాలని అన్న మాట కాదు. పక్కన పడి ఉన్న మైకు సంగతి ఆవిడకు తెలియదు.

"మంగళవారం కొరియరువాడొస్తే బెల్లు అలాగే మూలిగింది కదరా... తీస్తానుండమ్మా అని నువ్వు ఫోను పట్టుకుని లేచావు..." గొంతు ఆగింది. ఊపిరి మాత్రం వినిపించింది. "ఫణీ! నువ్వేనట్రా?"

రుక్కమ్మ ఆగలేదు. గేటు దాటి, తుక్కుగూడ రోడ్డు మీదికి, ఎండలోకి నడిచిపోయింది.

లోపల ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. మూడో వరస చివరి కుర్చీలో నల్లటి మైకు మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని, ఇంకా వింటూనే ఉంది.